పొడపత్రి

డాక్టరమ్మ కాగితం మీద గీత గీసింది.
"ఇటు దిక్కు మంచిగున్నోళ్లు, అటు దిక్కు షుగరోళ్లు.
నువ్వు గీత మీద ఉన్నవు, ఐలేశం."
ఆరు పాయింట్ ఒకటి.
ఇరవై ఆరేండ్లు కడాయి ముందర నిలబడ్డ కాళ్లు,
గీత మీద నిలబడుడు వాటికి కొత్త.

గుల్జార్ హౌజ్ వెనక సందుల మా మిఠాయి దుకాణం.
పొద్దుగాల జిలేబి పాకం నాలుక మీద పడితేనే
నాకు తెల్లారినట్టు.

ఇప్పుడు బాలమణికి ఇల్లంత వైద్యమే.
రాత్రి మెంతులు నానుతయి.
డాబా మీద, పక్కింటోళ్ల చీరెల కింద
నేరేడు గింజలు ఎండుతయి.
కాకర రసం పోస్తే
స్టీలు గిలాస గూడ మొఖం ముడుస్తది.
తోడల్లుడు ఆరు వందల నలభై పెట్టి డబ్బ తెచ్చిండు,
మీద ఆకు బొమ్మ,
లోపల ఏమున్నదో చీమ కాళ్లంత అక్షరాలల్ల.
డాక్టరమ్మ అద్దాలు పైకెత్తి చదివింది:
"ఆకైనా మందే.
మందైతే నాకు చెప్పి తిను.
ముందుగాల నడువు."

అయినా ఆగుతనా?
బేగంబజార్ల మూలికలమ్మే కిష్టవ్వ
రెండు ఆకులు చేతుల పెట్టింది. "నములు."
గడ్డి వాసన, జరంత చేదు.
నముల్తనే పనికొచ్చిన.
పాకం చెంచ నోట్ల పెట్టుకుంటే
వేడి జిగురు. అంతే.
చిటికెడు చక్కెర ఏసుకున్న.
ఇసుక.
కరెంటు పోయినట్టు తీపి పోయింది.

పొయ్యి మీద పాకం ఉడుకుతనే ఉన్నది.
పోరడు మొయిన్ నా దిక్కు చూస్తున్నడు,
దించాల్నా వద్దా అని.
ఏం చెప్పాలె?
బొటనవేలికి, చూపుడువేలికి నడుమ
ఒక్క చుక్క పట్టి లాగిన.
తెగింది.
ఆగు.
మళ్ల లాగిన.
దారమంత సన్నగ, తీగ నిలబడ్డది.
"దించు" అన్న.
ఆనాడు జిలేబి బాగలేదని ఒక్కరన్లే.
గంటకు నాలుక తిరిగొచ్చింది,
ఏమెరగనట్టు.

మూడు నెలలు చార్మినార్ చుట్టు,
గాజుల దుకాణాలు తెరవక ముందు,
పావురాలు నాకు తోవ ఇయ్యక విసిగిస్తుంటె నడిచిన.
ఐదు పాయింట్ తొమ్మిది.
ఆకా, నడకా, మెంతులా అని అడిగితే
డాక్టరమ్మ పెన్ను మూసింది:
"గీత మీదనే ఉన్నవు. జర ఇటు వంగినవు."

బాలమణి మాత్రం కాకరకే మొక్కుతది.
నేను వాదించ.
పాకం రుచి చూసుడు మొయిన్‌కిచ్చిన.
వాడు నాలుక మీద ఏసుకుంటడు,
నేను వేళ్ల నడుమ లాగుత.
ఇద్దరం ఒక్కసారే అంటం,
దించు.