అర ఇంచు వదులు

నిమ్స్‌ల ఓపీ చీటీ మీద నా నంబరు నూట పదిహేడు.
పొద్దుగాల ఆరింటికి వారాసిగూడల బయలెల్లిన.
పిలుపు వచ్చేసరికి తెచ్చుకున్న నీళ్ల బాటిల్ అయిపోయింది.
చిన్న డాక్టరమ్మ, కండ్ల కింద నిద్రలేని నలుపు,
తలెత్తకుండ అడిగింది:
"నొప్పి పదిలో ఎంత?"

ఇరవై రెండేండ్లు బ్లౌజులు కుట్టిన దాన్ని.
నాకు ఇంచులు తెలుసు.
చంక చుట్టు, మెడ లోతు, భుజం నుంచి నడుము దాకా
ఎవరి ఒంటికి ఎంత గుడ్డ పడుతదో
చూపుతోనే చెప్తా.
పది ఏడ మొదలైతదో తెల్వది.
ఏదో ఒకటి అనాలె గదా, ఏడు అన్న.
రాసుకున్నది.

ఆమె రాసుకోనిది ఇది:
రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టు
ఎవరో టేపు వేసి గుంజుతున్నరు.
కొలత అయిపోయినా వదుల్తలేరు.
పోయిన శ్రావణంల వేసిన టేపు,
మళ్ల శ్రావణం వచ్చింది.

మెడ వంచి సూదిల దారం ఎక్కిస్తే
వీపు నడుమకెల్లి బొటనవేలు దాకా
ట్రాన్స్‌ఫార్మర్ కాడ తీగ తెగిపడ్డట్టు.
ఇప్పుడు మెడ వంచ.
సూదినే కండ్ల కాడికి ఎత్తుకుంట.

ఎడమ కాలికి చెప్పు ఉన్నదో లేదో తెల్వది.
ఒకపారి చిలకలగూడల బస్సెక్కినంక
ఎవరో పిల్లగాడు కిటికీలకెల్లి చూపిచ్చిండు:
రోడ్డు నడుమ నా చెప్పు, ఒంటరిగ,
ఆటోలు దాన్ని తప్పించుకుంట పోతున్నయ్.
గదే కాలు,
రాత్రి దుప్పటి అంచు తగిలితే
కాగే నూనెల పడ్డట్టు ఎగిరిపడ్తది.
ఏం తెల్వని దానికి
ఇంత నొప్పి ఎట్ల తెలుసు?
దేవుణ్ణి గాదు, డాక్టరమ్మనే అడిగిన.

ఆమె ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించింది.
"వెన్నుపాములో వాపు పోయింది. మచ్చ కూడా చిన్నదైంది.
మంచి కబురే కదా."

మంచిదే.
మేం కూడ కుట్టు విప్పుతం.
దారం పోగు పోగు తీసి పారేస్తం.
సూది పోయిన బొక్కలు మాత్రం గుడ్డల్నే ఉంటయ్.
నూలుదైతే ఒక ఉతుకుకు పూడుతయ్.
పట్టుదైతే ఇస్త్రీ చేసినా పూడయ్,
వెలుతురుకు పడితే వరుసగ కనపడ్తయ్.
నా వెన్ను పట్టుది కావొచ్చు.
ఇన్నేండ్లకు నాకంటూ ఒక పట్టు.

గోలీలు మూడు పూటల.
మత్తుల ఒకనాడు చెయ్యి తిరగేసి అతికిన,
కుడిది ఎడమకు.
సుకన్య చూసి నవ్వింది, తర్వాత నవ్వలే.

రేకుల ఇల్లు, మే నెల.
ఫ్యాన్ గాలి కాలు మీద జల్లెడతో గీరినట్టుంటదని
ఒక రాత్రి అన్న. ఒక్కసారే.
గప్పటి సంది గట్టయ్య స్విచ్చి మీద చెయ్యి పెట్టలే.
బనియన్ పిండుకొని మళ్ల తొడుక్కుంటడు.
ఉక్క పోస్తలేదా అంటే
"ఏం ఉక్క?" అంటడు,
చెమట కండ్లల్ల పడి మండుతుంటే.
ఆయన ఏడు ఏ చీటీల రాయాలె?

అక్క బిడ్డ పెండ్లికని
కమ్రున్నిసా బాజీ కుర్తా బట్ట ఇచ్చింది.
సిల్కు, నెమలి మెడ రంగు.
పక్కటెముకల కాడ టేపు వేస్తుంటే నా చెయ్యి ఆగింది.
తెలిసే చేసిన, అర ఇంచు వదిలిన.

నాలుగు రోజులకు వాపసు తెచ్చింది.
"ఢీలా ఉంది అమ్మా, జర గట్టిగ పట్టు."
పాత కుట్టు విప్పిన,
లోపలికి జరిపి కొత్త కుట్టు వేసిన.
పెడల్ మీద కాలు ఉన్నదో లేదో
వంగకుండ, అద్దంల చూసుకుంట.

బాజీ తొడుక్కున్నది, ఇటు తిరిగి అటు తిరిగి చూసుకున్నది.
పాత బొక్కలన్ని లోపలి దిక్కుకు పోయినయ్.
"మస్తు కుదిరింది" అన్నది.
పోతుంటే గడప మీద నిలబడి నన్ను జూసి
"నువ్వు కూడ ఇప్పుడు మంచిగున్నవ్" అన్నది.