మొప్ప ఎరుపు

"అర్థమైందా అని మాత్రం అడగొద్దు"
అంది మిసెస్ హైన్స్, మెట్ల మీదే, చేతిలో కాఫీతో.
"అడిగితే అందరూ అవుననే అంటారు.
చచ్చేవాడు కూడా మర్యాదకి తలూపుతాడు."

నాలుగో మంచం. ఆంబ్రోస్ కీపింగ్, డెబ్బై ఒకటి.
న్యూఫౌండ్లాండ్ దక్షిణపు ఒడ్డున
యాభై ఏళ్లు కాడ్ చేప పట్టినవాడు.
పెద్దపేగులో గడ్డ తీసేసి ఆరు రోజులు.
పొట్టకి ఎడమవైపు కొత్త దారి,
దాని మీద సంచీ.
ఆయన ఇంతవరకూ దాన్ని చూడలేదు.
మేం సంచీ మారుస్తున్నంతసేపూ
కిటికీలోంచి రేవులో పడవలు లెక్కపెడతాడు.
పొగమంచు కమ్మి ఒక్క పడవా కనబడని రోజు కూడా
లెక్కపెట్టాడు.

నేను కాగితం చూసి చదివాను:
గోరువెచ్చని నీళ్లు, వాసన సబ్బు వద్దు,
చర్మం అద్దాలి, రుద్దకూడదు,
కొలతకన్నా అంగుళంలో ఎనిమిదో వంతు పెద్దగా
బిళ్లకి కన్నం కత్తిరించాలి,
మూడో వంతు నిండగానే సంచీ ఖాళీ చెయ్యాలి.
తలూపాడు. ఎంతో మర్యాదగా.
ఆ ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.

కత్తెర తీశాను. తొడుగుల్లో వేళ్లు చెమటలు.
వంకరగా తెగింది. ఇంకోటి తీశాను.
అదీ వంకరే.
స్టోరు గది తలుపు మీద
ఒక్కో బిళ్ల ధర రాసిన చీటీ గుర్తొచ్చింది.

"పిల్లా," అన్నాడు కిటికీ వైపే చూస్తూ,
"నువ్వు కత్తెర తిప్పుతున్నావు.
తిప్పాల్సింది బిళ్లని."
చెయ్యి చాపాడు.
బొటనవేలికి సగం గోరే ఉంది,
మిగతా సగం ఏ కప్పీ తినేసిందో.
ఒక్క కోతలో గుండ్రంగా వచ్చింది.

సరిపోయిందో లేదో తెలియాలంటే
కిందికి చూడక తప్పదు.
చూశాడు.

పక్క మంచం ఆక్సిజన్ సీసాలో బుడగలు.
చాలాసేపు అవే.

ఇక రంగు గురించి చెప్పాలి.
కాగితంలో దానికి ఒక పేరా ఉంది.
మడిచి జేబులో పెట్టుకున్నాను.
"చేప తాజాదో కాదో ఎలా చూస్తారు మీరు?"

పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.
"మొప్ప ఎత్తి."
"ఎలా ఉండాలి?"
"ఎర్రగా. తడిగా."
"నల్లబడితే?"
"పారేస్తాం" అనబోయి, సగంలో ఆగి,
ఎత్తిన చొక్కా కిందికి మళ్లీ చూసి,
"మీకు ఫోన్ చేస్తాను" అన్నాడు.
"ఎప్పుడు?"
"అప్పుడే. తెల్లారేదాకా ఆగను."

చార్టులో రాశాను:
రోగి స్వయంగా కత్తిరించి, అతికించి చూపించెను.
బిళ్లలు రెండు వృథా.
ఎవరివల్లనో రాయలేదు.

గది దాటబోతుంటే పిలిచాడు.
"ఉప్పునీళ్లు పడితే ఈ జిగురు నిలుస్తుందా?
వల లాగేటప్పుడు నడుం దాకా తడుస్తాం మరి."

కాగితం తీసి అటూ ఇటూ తిప్పాను. లేదు.
"తెలీదు" అన్నాను. "రేపు కనుక్కొని చెప్తాను."
మరిచిపోకుండా అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను:
ఉప్పునీళ్లు.
మధ్యాహ్నం పరీక్ష హాల్లో
చెయ్యి తెరిచి చూపించమన్నారు.