నలభై సెకన్లు

టేపు పట్టేవాణ్ణి నేను.
మద్దిపాడు నుంచి కొండపి దాకా
ఏ తిరనాళ్ళలో బండలాగుడు పెట్టినా
సున్నా ఉన్న చివర నాది.
రెండో చివర ఎవరిదైనా కావొచ్చు.
ముప్పై ఏళ్ళుగా నేను సున్నా దగ్గరే నిలబడ్డాను.

ఆ రోజు మాలకొండారెడ్డి జత
ఇరవై నిమిషాల్లో
నాలుగు వేల ఆరడుగుల ఏడంగుళాలు లాగింది.
చెప్పడానికి ఇంతే.
బండ కింద గులకరాళ్ళు నిప్పులు కక్కాయి.
పొగాకు బ్యారన్ల మీదెక్కిన పిల్లలు
కేక వెయ్యడం మరిచిపోయారు.
పైకి లేచిన చెర్నాకోల
ఎవర్నీ కొట్టకుండానే కిందికి దిగింది.
మైకులో వెంగయ్య గొంతు పోయింది.
నాలుగు వేలు!
మా వైపు ఆ అంకెను
ఎరువుల కొట్టు అప్పులో తప్ప ఎవరూ చూసి ఎరగరు.

దండలేశారు. బుల్లెట్ బండి తాళం చేతికిచ్చారు.
జనం భుజాల మీంచే కిందికి వంగి
మాలకొండారెడ్డి నా చెవిలో అడిగాడు:
"మలుపు కాడ ఎంత పోయింది?"
"నలభై సెకన్లు."
ఎడమ గిత్త ఆగి
పేడ వేసిన సమయం అది.

అంతే. ఆ నలభై సెకన్లలో
కాపురం పెట్టాడాయన.
తెల్లారకముందే దొడ్లోకి పోయి
గిత్త ముందు నిలబడేవాడు: ఎందుకాగావు?
అది చెవులు విదిలించి
ఉలవల తొట్టిలో మూతి పెట్టేది.
బాదంపప్పులు పెరిగాయి, గుడ్లు పెరిగాయి,
గుండ్లకమ్మ ఇసకలో పొద్దుటి నడక పెరిగింది.
బుల్లెట్ బండి సీటు మీద కోళ్ళు పడుకున్నాయి.
వాళ్ళమ్మ పిచ్చమ్మ ఒక్కసారే అంది:
"పదెకరాలూ ట్రాక్టరే దున్నె.
ఒక్క చాలు ఎరగని ఎడ్లకు
నువ్వు పాలేరువైతివి గదరా."

ఊరు మాత్రం?
మరుసటేడు కమిటీ వాళ్ళు చీమకుర్తి నుంచి
ఇంకో రెండు క్వింటాళ్ళు ఎక్కువ తూగే బండ తెప్పించారు.
మూడు వేలు లాగిన జతకు ఒకప్పుడు
ఆడవాళ్ళు పసుపునీళ్ళతో కాళ్ళు కడిగేవాళ్ళు.
ఇప్పుడు మూడు వేలంటే
జనం చెరకురసం బండి వైపు కదులుతారు.
టంగుటూరు ఏసోబు
తన జతను లారీ దించకుండానే వెనక్కి తిప్పాడు.
"ఓడతానని కాదన్నా,
గెలిచినా ఎవరూ చూడరు."

అట్లాగని తృప్తిని పొగడలేను.
తృప్తిపడిన మనిషి మా ఇంట్లోనూ ఒకడుండేవాడు.
మా తాత. మెట్ట చేలో బావి తవ్వుతూ
ఆరు మట్ల దగ్గర గడ్డపార పక్కన పెట్టి
"ఈ తడి చాలు" అన్నాడు.
ఆయన చాలన్న మాట
మా నాన్నకు అప్పుగా వచ్చింది,
నాకు టేపుగా వచ్చింది.
నాగలి గీసిన గీతా చాలే,
విస్తరి ముందు అడ్డం పెట్టిన చెయ్యీ చాలే.
పిచ్చమ్మ ఏ చాలు గురించి అందో
నేనిప్పటికీ తేల్చుకోలేదు.

ఎవరికీ చెప్పని సంగతొకటుంది.
ఆ రాత్రి ఇంటికొచ్చి
నా గుడ్డ టేపును ఇనప స్కేలు పక్కన పరిచి చూశాను.
ఎండకూ, నా గుంజుడుకూ సాగింది,
వందడుగులకు రెండంగుళాలు.
అంటే ఆ జత
మేం రాసిన దానికంటే
ఇంకో ఆరడుగులు పైనే లాగింది.
చెబుదామనే బయల్దేరాను.
వాకిట్లో, చీకట్లో, ఒక్కడే
చేతిలో స్టాప్‌వాచ్ నొక్కుతూ ఆపుతూ కూచున్నాడు.
ఆరడుగుల నేల
ఈ మనిషికి ఇప్పుడే ఎందుకులే అని
వచ్చిన దారినే వెనక్కి నడిచాను.

ఈ ఏడు మళ్ళీ తిరనాళ్ళు.
మళ్ళీ సున్నా దగ్గర నేను. కొత్త టేపు, స్టీలుది, సాగదు.
పదో నిమిషంలో, మలుపు కాడ,
ఎడమ గిత్త ఆగింది.
ఈలలు, కేకలు, చెర్నాకోల చప్పుడు,
మాలకొండారెడ్డి మొహంలో నెత్తురు లేదు.
గిత్త తోక కాస్త పైకెత్తి
దూరంగా పొగాకు చేల వైపు చూస్తూ
తాపీగా
తన పని తను చేసుకుంటోంది.