రన్‌వే మీద రాళ్ళేరడం

తెల్లారి ఐదుకు
ఓర్వకల్లు రన్‌వే మీద పదిహేడు మందిమి
చేతికి చెయ్యి అందేంత ఎడంలో నిలబడి
తల వంచుకుని నడుస్తాం.
మాట్లాడకూడదు. ఆకాశం చూడకూడదు.

రాయి, మేకు, చీల, సీసా మూత,
నిన్న గీతలకు సున్నం కొట్టినోళ్ళ చెప్పునుంచి ఊడిన గుండీ,
ఏది కనపడినా వంగి ఏరి సంచిలో వేయాల.
ఇంజను నోరు తెరిస్తే
శెనక్కాయంత రాయి చాలు,
లోపలి రేకులన్నీ ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి.

నాకు నవ్వొస్తుంది.
తొలకరి పడితే మా సుంకమ్మ కూడా ఇట్లనే
జొన్నగిరి చేలల్లో వరసలో నడుస్తుంది,
సద్దిమూట నడుముకు కట్టుకుని, కండ్లు నేలకేసి,
వజ్రం కోసం.
ఇరవై రెండేళ్ళు. ఒక్కటీ దొరకలేదు.
నేనేమో ఏమీ దొరకకూడదని నడుస్తా.

విమానం నాకంటే మూడేళ్ళు పెద్దది.
పోయినేడు కొత్త రంగు వేసినారు, ఎర్ర చార, తెల్ల చార,
పెండ్లికొడుకు లెక్క ఉండాది.
రంగు కింద ఏముందో రంగుకు తెలీదు.
దీన్ని చేసిన కార్ఖానా మూతబడింది,
రబ్బరు పోసిన అచ్చులు గుజిరీకి పోయినాయి,
దీని జబ్బులన్నీ తెలిసిన దస్తగిరి సారు
పోయిన రంజానుకు ముందు మట్టిలోకి పోయినాడు.
మిగిలింది ఆయన చేతిరాత లాగ్‌బుక్కు, నా రెండు చేతులు.

ఆయన చెప్పిండేది ఒకటే:
"కొత్తదానికి పుస్తకం చాలురా కౌలుట్లయ్యా,
పాతదాన్ని తడమాల."

తడిమినా.
రెక్కల కీళ్ళు. బ్రేకు గొట్టాలు.
పైలట్ సీటు కింద, ఆపదలో మనిషిని పైకి విసిరే మందు,
దాని గడువు చీటీ రెండుసార్లు చదివినా.
పనిముట్లు నలభై ఒకటి,
పలక మీద గీసిన తమ తమ నీడల్లోకి తిరిగి చేరినాయి.
ఒక్క స్పానరు తగ్గినా విమానం కదలదు, అది రూలు.
మళ్ళా ఒకసారి చూద్దామని చెయ్యి లోపల పెడితే
ఇంధనం గొట్టం వంపు దగ్గర
బొటనవేలు ఆగింది.

వెంట్రుక. అంతే.
తుడిచినా. పోలేదు.
టార్చి పెట్టి వంచినా. నోరు తెరిచింది,
తుంగభద్ర ఎండినప్పుడు మడుగు అంచున
బంకమట్టి తెరిచే నోరు, శానా చిన్నది.

బయట నంద్యాల నుంచి, ఎమ్మిగనూరు నుంచి, ఆదోని నుంచి
ఆటోలు, ట్రాక్టర్లు, బడి బస్సులు.
తాడు అవతల నాయనల భుజాల మీద పిల్లలు.
ఉగ్గాని వాసన ఇక్కడిదాకా.
మైకు అప్పటికే మూడుసార్లు విమానం పేరు పిలిచింది.

నిర్వాహకుడు పరిగెత్తుకుంటా వచ్చినాడు.
"ఒక్క రౌండే కదప్పా. మంత్రిగారు దోవలో ఉన్నారు.
నిన్న ఎగిరింది కదా?"
నిన్న ఎగిరింది. నిజమే.
నిన్న ఎగరడం ఇయ్యాల్టికి సాక్ష్యం కాదని
చెమటలు కారే మనిషికి ఎట్ల చెప్పాల?
పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నా.

పైలట్ సారు వచ్చి గొట్టం చూసినాడు.
నన్ను చూసినాడు.
ఒక్కో వేలు, ఒక్కో వేలు
గ్లవుసులు విప్పినాడు.

మైకులో సంగతి చెప్పంగానే లేచినాయి ఈలలు.
"తూకానికెయ్యండి దాన్ని!"
"పొద్దున్నుంచి ఎండలో ఉండాం!"
ఎవడో నీళ్ళ సీసా విసిరితే రన్‌వే అంచున పడింది.
పోయి ఏరుకొచ్చినా.
జరిగిన ప్రమాదానికి ఫోటో ఉంటుంది, విచారణ ఉంటుంది,
రాళ్ళ మీద పేర్లు ఉంటాయి.
జరగని దానికి ఏముంటుంది,
నా మీద ఒక తిట్టు తప్ప.

రాత్రి ఇంట్లో సంచి కుమ్మరిస్తే
సుంకమ్మ రొట్టె తట్టే చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చుంది.
అలవాటు.
ఒక్కో రాయీ ట్యూబులైటుకు ఎత్తి,
ఒక కన్ను మూసి,
"ఇది కాదు" అంటుంది.
"ఇది కాదు."
బూడిద రంగుదాన్ని కొంగుతో రుద్ది రుద్ది, "ఇదీ కాదు."

నేను పక్కనే కూర్చుని లెక్కపెడుతున్నా.
నూట ముప్పై నాలుగు.
అన్నీ ఇంట్లోనే ఉండాయి.