నలభై మూడో గడి

సారెమా దీవిలో, రాత్రి రెండింటికి,
లారీ వెనక నిలబడి
ఉర్మస్ కోళ్ళను కాళ్ళు పట్టి అందిస్తాడు,
చేతికి నాలుగు చొప్పున, పంతొమ్మిదేళ్ళుగా.
షెడ్డు రిజిస్టరులో గడులు నలభై రెండే.
ఆ తర్వాత కాగితం అంచు, దారపు కుట్టు.

ఫిబ్రవరిలో ఒకటి పెట్టెలోంచి జారి
మంచులో కూలబడింది.
పారిపోలేదు. దాని కాళ్ళకు ఆ విద్య రాదు.
మంచుకన్నా కాస్త మాసిన తెలుపు,
రొమ్ము బరువుకు ముందుకు ఒరిగి
అంత ఒళ్ళేసుకుని
ఇంకా పిల్లకూతే కూస్తోంది.
ఎందుకో అతను కోటు గుండీలు విప్పాడు.

పక్కింటి వైకె చూసి పెదవి విరిచింది.
ఆవిడ కోడికి పన్నెండేళ్ళు.
ఒక కన్ను పోయింది, గుడ్లు మానేసి ఆరేళ్ళు,
ఇప్పటికీ పుంజును పొడిచి మరీ తింటుంది.
"చలికాలం దీపం పెట్టను నేను.
చీకటి నాలుగు నెలలూ దాని ఒళ్ళు దానిది.
షెడ్డుల్లో బల్బు ఆర్పరు కదా,
ఏడాదికి మూడొందల పెంకులకి
సున్నం ఎక్కడిదనుకున్నావు?
ఎముకల్లోది."
తర్వాత నక్క సంగతి, డేగ సంగతి,
పేలు పట్టిన ఏడు బూడిదలో పొర్లించిన సంగతి,
తలుపు గడియ ఒక్క రాత్రి మరిచిపోతే
తెల్లారి ఏరుకున్న ఈకల సంగతి.
వెళ్తూ వెళ్తూ అంది:
"దీనికి మాత్రం కడుపునిండా పెట్టకు."

నూకలు చెల్లితే ప్రాణం పోతుందంటాం మనం.
దీని లెక్క తిరకాసు,
నూకలు చెల్లకుండా పోస్తే పోతుంది.
తిన్నదంతా కండ చేసే ఒళ్ళు,
ఆ కండను మొయ్యలేని గుండె.
ఉర్మస్ పొద్దున గుప్పెడు, సాయంత్రం గుప్పెడు
కొలిచి పోశాడు. ఆకలికి అరిస్తే
రేడియో గొంతు పెంచాడు.
గిన్నెను రోజూ కాస్త దూరం జరిపాడు.
మొదట్లో మూడడుగులేసి చతికిలబడేది.
మే నెలకి కంచె దాకా.

వంటింటి గోడమీద పెన్సిలుతో
నలభై మూడో గడి గీశాడు.
నలభై నాలుగు.
ఎక్కడ ఆపాలో తెలియక
స్విచ్చుబోర్డు చుట్టూ తిప్పి
కిటికీ దాకా తీసుకెళ్ళాడు.
పేరు పెట్టలేదు. అతని ఉద్యోగానికి
పేర్లు పెట్టడం కుదరదు.

రెండొందల మూడో రోజు
కట్టెల గుట్ట వెనక దొరికింది,
చిన్నది, లేత గోధుమరంగుది, ఇంకా వెచ్చగా.
ఇన్ని లక్షల కోళ్ళను ఎత్తిన చేతుల్లో
వాటి జాతి గుడ్డు
ఇదే మొదటిసారి.

"ఎన్నాళ్ళుంటుందంటావ్?" కంచె మీంచి వైకె.
తెలీదన్నాడు.
ఆ రాత్రి తోటివాళ్ళకు చూపిద్దామని
కోటు జేబులో పెట్టుకెళ్ళాడు.
మూడో లారీ నింపుతుండగా
పగిలింది.