అరవై ఒకటి

గాజులమండ్యంలో మధ్యాన్నం మూడు.
రేకుల షెడ్డు కింద
నాలుగు వందల యాభై డిగ్రీల జింకు తొట్టి
చడీ చప్పుడు లేకుండా పడుకోనుంటాది
మా వీధి కుక్క మాదిరి, కళ్ళు సగం మూసి.
తడి తగిలిందా, కరుస్తాది.

అందుకే ప్రతి గొట్టానికీ
ఇటొక కన్నం, అటొక కన్నం.
"ఊపిరాడనియ్యకుండా ముంచితే
ఇనుమైనా పేలిపోతాది అమ్మణ్ణీ"
నేను పనిలో చేరిన రోజే చెప్పినాడు
అల్లాబకష్ మామ, కనుబొమ్మలు లేని మొఖంతో.
అవి ఎట్లా పోయినాయో నేను అడగలేదు.

వాళ్ళ నాయన కళాయి మనిషి.
పీలేరు, పుంగనూరు, పలమనేరు,
భుజాన కొలిమితిత్తి.
ఇత్తడి బిందెల్లోకి వంగి వంగి
వెన్ను కూడా బిందె మాదిరే గుండ్రమయిందంట.
చిటికెడు నవాసారం, ఒక పాత గుడ్డపేలిక,
ఒక్క తిప్పు తిప్పితే
గిన్నె కడుపులో పున్నమి.

స్టీలు గిన్నెలొచ్చినాయి.
కళాయి కేక వీధిలో సన్నబడి సన్నబడి
ఒకనాడు వినపడ్డం మానేసింది.
కొడుకొచ్చి ఈ తొట్టి ముందర నిలబడినాడు.
ఇక్కడా అదే నవాసారం, అదే తెల్ల పొగ,
అదే దగ్గు.
"గిన్నెలే పెద్దయినాయి, అంతే" అంటాడు.

నా పని పూత మందం కొలవడం.
అరచేతిలో పట్టే మీటరు,
స్తంభానికి ఆనిస్తే కీచుమంటాది.
ఎనభై ఎనిమిది. తొంభై ఒకటి. ఎనభై ఆరు.
అంతా కలిపి ఒక వెంట్రుకంత మందం.
ఆ వెంట్రుక పట్టుకునే
ముప్పై ఏళ్ళు వేలాడాల.

ఇయ్యాల లైటు స్తంభాలు నలభై.
సముద్రం పక్కన ఏదో పల్లెకంట.
పదహారోది అరవై ఒకటి.
తుడిచి మళ్ళీ ఆనించినా.
అరవై ఒకటి.
పదిహేడోది అరవై మూడు.

గేటు బయట లారీ హారను.
సూపర్‌వైజరు గుణశేఖర్ పెన్ను మూత తీసి ఇచ్చినాడు.
"ఎనభై అయిదని రాసెయ్ మేడమ్,
మెరుస్తానే ఉండాయి గదా!"
నిజమే, మెరుస్తానే ఉండాయి.
ఒంటి నిండా వెండిపూలు పూసి
నా మొఖం నాకే కనపడేటట్టు.
నేను పెన్ను తీసుకున్నా.
అబద్ధమెందుకు, తీసుకున్నా.
జీతం ఏడో తేదీకి,
స్కూటీ కంతు అయిదుకే.

అల్లాబకష్ మామ తొట్టి మీద మడ్డి తోస్తా
ఇటు తిరక్కుండానే అన్నాడు:
"ఉప్పుగాలికి చదువు రాదు గుణశేఖరూ.
కాగితం నువ్వెట్లా రాసుకున్నా
అది చూడదు."

మళ్ళీ ఆసిడ్ తొట్టి.
వేసిందంతా విప్పేసి, నల్లగా, బోడిగా,
మళ్ళీ నవాసారం, మళ్ళీ ముంచుడు.
ఈసారి మామ గొలుసును బిర్నే లేపనియ్యలేదు.
పెదాలు కదులుతా ఉంటే దువా అనుకున్నా.
లెక్క పెడతా ఉన్నాడంట.

టీ దగ్గర అడిగినా,
"లారీలో రాసుకొని గీత పడితే?"
"పడనీ.
పక్కనుండే జింకు ముందు తను కరుగుతాది,
అది అయిపోయేదాకా ఇనుము జోలికి రానియ్యదు."
అమ్మలాగా అనబోయి ఆగినా.
గ్లాసు పట్టుకున్న ఆయన చేతుల మీద
చుక్కలు చుక్కలుగా కాలిన మచ్చలు, కొన్ని పాతవి,
ఒకటి ఇంకా పచ్చిది.
జింకు కేజీ ధర ఆఫీసు బోర్డు మీద
రోజూ మారుస్తారు.

లారీ ఏడున్నరకు కదిలింది.
గుణశేఖర్ నాతో మాట్లాడలేదు.
ఎనభై తొమ్మిది, తొంభై రెండు, ఎనభై ఏడు,
నా దస్కతు కింద ఆరకుండా ఇంకు.

రేణిగుంట గేటు కాడ రైలు కోసం ఆగినప్పుడు
వంగి చూసినా:
నా స్కూటీ మడ్‌గార్డు అంచున
రూపాయి బిళ్ళంత తుప్పు.
ఎప్పటి నుంచి ఉందో.
గోటితో గీకితే రాలింది.
వేలికంటిన ఆ ఎర్రపొడి
గేటు లేసేదాకా
చూస్తానే ఉన్నా.