బులస

కళ్లద్దాల పెట్టె అంటాం మేము.
కంపెనీ వాళ్లు పెట్టిన పేరు పొడుగ్గా ఉంటుంది.
బిడ్డకీ బిడ్డకీ మధ్య స్పిరిట్ గుడ్డతో తుడుస్తాను,
నుదుటి దగ్గర దూదిపట్టీ మారుస్తాను,
ఒక్కోసారి లోపలి అద్దానికి
కంటిరెప్ప వెంట్రుక ఒకటి అంటుకుని ఉంటుంది.
ఊదేస్తాను.

సొహార్‌లో మా ఆసుపత్రి, రెండో అంతస్తు.
మూడు వారాలకొకసారి రయ్యా వస్తుంది.
ఏడేళ్లు. ఒంట్లో రక్తం ఊరదు.
ఊరని దాన్ని మేం సంచీల్లో తెచ్చి ఎక్కిస్తాం.
ముందు నరం దొరకాలి కదా.
పొడిచి పొడిచి మొండికేసిన నరాలవి,
పిల్లకంటే ముందే సూదిని గుర్తుపట్టి
పక్కకి జారుకుంటాయి.

ఈ పెట్టె రాకముందు
నలుగురం కలిసి అదిమిపట్టుకునేవాళ్లం.
వాళ్లమ్మ మోజా గోడవైపు తిరిగి నిలబడేది.
నా మణికట్టు మీద రెండు పళ్లగాట్లు ఇంకా ఉన్నాయి,
రయ్యావి కావు,
ఏ పిల్లాడివో మర్చిపోయాను.

ఇప్పుడు తల సముద్రంలోకి వెళ్తుంది,
చెయ్యి నా దగ్గర ఉంటుంది.
లోపల ఒక తాబేలు
వార్తలు చదివేవాడి అరబ్బీలో
ఊపిరి పీల్చుకోమంటుంది, బుడగలు లెక్కపెట్టమంటుంది.
అసలు సముద్రం కిటికీ బయటే ఉంది, రోడ్డు దాటితే,
ఎండకి తెల్లబోయి, అడిగేవాళ్లు లేక.

ఆ మంగళవారం
సూది సగంలో ఉండగా ఛార్జింగ్ అయిపోయింది.
తాబేలు మాట మధ్యలో ఆగింది.
ముందు చెయ్యి చెప్పింది నాకు, వేళ్లు బిగిశాయి.
తరవాత నోరు:
"చీకటి."

ఆపలేను. సూది వెనక్కి తియ్యలేను.
నాకొచ్చిన అరబ్బీ అంతా మంచం చుట్టూ తిరిగేదే:
నొప్పా, కాస్త ఓర్చుకో, అయిపోయింది, అమ్మని పిలువు.
అందులో చేపలు లేవు.

గత్యంతరం లేక తెలుగులోకి దిగాను.
"ఇదుగో తల్లీ, వరదొచ్చింది. గోదారి ఎర్రబడింది.
ఎర్రనీటి వాసనకి సముద్రంలో పులస లేచింది.
ఏటికి ఎదురీదుతోంది, చూడు,
అంతర్వేది దాటింది,
నర్సాపురం రేవులో అబ్బులు బాబాయి వల
ఇట్టే తప్పించుకుంది, ముసలాడు తిట్టుకుంటున్నాడు,
తొందరేం లేదు, మెల్లగా, పైకి, ఇంకొంచెం పైకి..."
గొట్టం మొదట్లో
ఎరుపు కనబడింది.

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా వైపు.
మా అమ్మ పుస్తెలమ్మి నా నర్సింగు ఫీజు కట్టింది.
పులస రుచి ఈ రోజుకీ నేనెరగను.
ఎరగని చేప గురించి
అంత ధీమాగా మాట్లాడటం అదే మొదలు.

సంచీ వేలాడదీశాను. చుక్క. చుక్క.
కళ్లద్దాలు తీస్తే చెంపల మీద తడి,
చెమటో ఏడుపో పోల్చుకోలేకపోయాను.
పిల్ల ఏమీ అనలేదు. జ్యూస్ తాగి నిద్రపోయింది.
రిజిస్టర్లో రాశాను:
పెట్టె ఆగిపోయింది, బ్యాటరీ మార్చాలి.

మార్చారు.
మూడు వారాలకి రయ్యా వచ్చేసరికి
పెట్టె నిండుగా వెలుగుతోంది.
తనే తలకి తగిలించుకుంది, పట్టీ తనే బిగించుకుంది,
చెయ్యి చాపింది.
తాబేలు మొదలెట్టగానే
తల అడ్డంగా ఊపి
"బులస," అంది.

వాళ్ల నోటికి ప పలకదు.
కృపావతిని నేను, ఈ వార్డులో కృబావతిని.
మోజా నావైపు చూసింది, ఏమిటది అన్నట్టు.
సమక్, చేప, అని చెప్పొచ్చు.
ఈ మూడు వారాల్లో ఆ ఒక్క మాటా నేర్చుకున్నాను.
చెప్పలేదు.
తాబేలు గొంతు తగ్గించి
ముంజేయి తుడిచి
వరద ఈసారి ఎక్కణ్ణించి తేవాలా అనుకుంటూ
బొటనవేలితో
నరం కోసం తడుముతున్నాను.